నోట్లో గడ్డ: ఆగి చూడాలా, ముక్క పరీక్షా, కోతా, లేజరా?

నోట్లో గడ్డ తగలగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న, లేజర్ మంచిదా, మామూలు కోత మంచిదా అని. నిజానికి అది చివర్లో తేల్చుకోవాల్సిన సంగతి. అంతకంటే ముందు మూడు విషయాలు తేలాలి. ఆ గడ్డ ఏ జాతిది? దాన్ని పుట్టించిన కారణం ఇంకా నోట్లోనే ఉందా? తీసిన ముక్క పరీక్షకు (బయాప్సీకి) వెళ్తుందా, చెత్తబుట్టలోకి వెళ్తుందా? ఈ మూడూ సరిగ్గా తేలితే కత్తితో తీసినా లేజర్‌తో తీసినా ఫలితంలో పెద్ద తేడా ఉండదు. తేలకపోతే ఎంత ఖరీదైన యంత్రం వాడినా గడ్డ తిరిగి రావచ్చు. అంతకన్నా ఘోరం, అది క్యాన్సరైతే ఎవరికీ తెలియకుండానే ఆరు నెలలు గడిచిపోవచ్చు.

ముందుగా: అది అసలు గడ్డేనా?

నాలుక గరుగ్గా అనిపించి అద్దంలో చూసుకుని భయపడేవాళ్ళలో కొందరు చూసేది పుట్టినప్పటి నుంచీ ఉన్నదాన్నే. నాలుక బాగా వెనక ఇంగ్లిషు వి ఆకారంలో వరసగా ఎనిమిది నుంచి పన్నెండు దాకా గుండ్రటి బుడిపెలు ఉంటాయి, అవి అందరికీ ఉంటాయి. నాలుక పక్కల, వెనకవైపు ముడతలు ముడతలుగా ఉండే ఎర్రటి భాగం కూడా సహజమే. పై దవడ రెండో పెద్ద దంతానికి ఎదురుగా బుగ్గ లోపల చిన్న బుడిపె ఉంటుంది. చెవి ముందున్న లాలాజల గ్రంథి నుంచి ఉమ్మి వచ్చే గొట్టం అక్కడ తెరుచుకుంటుంది. బుగ్గల లోపల, పెదవుల మీద కనిపించే లేత పసుపు చుక్కలు నూనె గ్రంథులు. అంగిలి సరిగ్గా మధ్యలో రాయిలా గట్టిగా తగిలేది చాలావరకు ఎముక పెరుగుదల. కట్టుడు పళ్ళకు అడ్డమైతే తప్ప దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

ఒక చిన్న కిటుకు: రెండో వైపు కూడా చూడండి. కుడివైపు ఉన్నదే ఎడమవైపూ అదే చోట, అదే పరిమాణంలో ఉంటే అది శరీర నిర్మాణమే కావడానికి అవకాశం ఎక్కువ. ఒక్కవైపే ఉంటే చూపించుకోవాలి.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

*చోటు.* అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది ఇదే. కింది పెదవి లోపల మెత్తగా, నీలంగా ఉబ్బితే అది దాదాపు ఎప్పుడూ ఉమ్మి నీటి బుడగే, డాక్టర్లు మ్యూకోసీల్ అంటారు. సరిగ్గా అలాంటిదే పై పెదవిలో ఉంటే అలా అనుకోకూడదు. పై పెదవిలో నీటి బుడగలు అరుదు, గట్టి గడ్డ తగిలితే ముందు లాలాజల గ్రంథి కణితిని అనుమానించాలి. పళ్ళు కలిసే గీత వెంట బుగ్గ మీద గులాబీ రంగులో నున్నగా ఉండేది ఫైబ్రోమా, అంటే పీచు కండ గడ్డ. అంగిలి మీద మధ్యకు కాకుండా ఓ పక్కకు వచ్చిన గడ్డ మళ్ళీ లాలాజల గ్రంథి కణితి కావచ్చు, అందులో క్యాన్సర్ల వాటా తక్కువేమీ కాదు. నాలుక పక్క అంచులు, నాలుక కింది భాగం క్యాన్సర్ ఎక్కువగా మొదలయ్యే చోట్లు, అక్కడ ఏది వచ్చినా తేలిగ్గా తీసుకోకూడదు.

*ఎన్నాళ్ళుగా ఉంది, కారణం దొరుకుతోందా.* విరిగిన పన్ను, మొనదేలిన ఫిల్లింగ్, వదులైన పళ్ళ సెట్టు, పళ్ళ మీద పేరుకున్న గార, చెంప కొరుక్కునే అలవాటు. ఇలాంటిది దొరికితే ముందు దాన్ని సరిచేసి రెండు వారాలు ఆగొచ్చు. రెండు వారాలే, రెండు నెలలు కాదు.

*రంగు, స్పర్శ.* వేలితో నొక్కితే తెల్లబడి, వదలగానే మళ్ళీ నీలంగా నిండితే లోపల రక్తనాళాలు ఉన్నట్టు. ఇలాంటిదాన్ని చిన్న క్లినిక్ కుర్చీలో కోయకూడదు, ముక్క కూడా తీయకూడదు, రక్తం ఆపడం కష్టమవుతుంది. పసుపుగా, మెత్తగా వేళ్ళ కింద జారేది కొవ్వు గడ్డ. అంచులు గట్టిపడి, కింది కండకు అతుక్కుని కదలనిది ఎప్పుడూ అనుమానాస్పదమే.

*మీరెవరు.* గర్భిణి, చిన్న పిల్లవాడు, పొగాకు అలవాటున్నవారు, రక్తం పలచబరిచే మందులు వాడేవారు: గడ్డ ఒకటే అయినా వీళ్ళ నలుగురికీ జవాబు ఒకటి కాదు.

ఇవి ఉంటే పోలికలు పక్కన పెట్టండి

రెండు వారాలు దాటినా మానని పుండు. గీకినా పోని తెల్ల మచ్చ, అంతకన్నా ముఖ్యంగా ఎర్ర మచ్చ. కారణం లేకుండా కదులుతున్న పన్ను. పన్ను పీకిన చోట మానకుండా పైకి వస్తున్న కండ. పెదవి, గడ్డం తిమ్మిరెక్కడం. మింగితే చెవిలోకి నొప్పి లాగడం. మెడలో గట్టి గడ్డ. నోరు మునుపటిలా తెరుచుకోకపోవడం, అంటే మీ మూడు వేళ్ళు నిలువుగా పెడితే పట్టకపోవడం. వీటిలో ఒక్కటున్నా ఆగి చూడటం, లేజర్, హోమియో, పసుపు నూనె ఏదీ ఎంపిక కాదు. ముక్క పరీక్ష ఒక్కటే.

నొప్పి లేదు కదా అని ధైర్యపడొద్దు. నోటి క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. మామూలు నోటిపూత పుండు మాత్రం మొదటి రోజు నుంచే మండుతుంది.

తరచుగా వచ్చే గడ్డలు పక్కపక్కన

| గడ్డ | ఎలా ఉంటుంది | ఆగి చూడొచ్చా | సరైన దారి | మళ్ళీ వస్తుందా |
|---|---|---|---|---|
| ఫైబ్రోమా | బుగ్గ, నాలుక, పెదవి, గులాబీ రంగు, నున్నగా, నొప్పి ఉండదు, చాలావరకు 1.5 సెంటీమీటర్ల లోపే | ఆగొచ్చు, కానీ తనంతట పోదు | కోత లేదా లేజర్, ముక్క పరీక్ష | కొరుకుడు ఆగితే అరుదు |
| పయోజెనిక్ గ్రాన్యులోమా | ఎక్కువగా చిగురు మీద. ఎర్రగా, బ్రష్ తగిలితే రక్తం | గర్భిణులు ఆగొచ్చు | గార తీయించి, తర్వాత మొదలంటా కోత | గార మిగిలితే వస్తుంది |
| ఎముక పొడి ఉండే చిగురు గడ్డ | టీనేజీ, యువతలో. పళ్ళ మధ్య చిగురు మీద, గట్టిగా | వద్దు | ఎముక పై పొరతో సహా కోత | వచ్చే అవకాశం ఎక్కువే |
| జెయింట్ సెల్ గ్రాన్యులోమా | చిగురు మీద మాత్రమే; ఊదా, నీలం రంగు | వద్దు | ముందు ఎక్స్‌రే, తర్వాత ఎముక దాకా కోత | సుమారు పదిమందిలో ఒకరికి |
| మ్యూకోసీల్ | కింది పెదవి. పగులుతుంది, నిండుతుంది | కొన్ని వారాలు | పక్క గ్రంథులతో సహా తీయడం | గ్రంథులు వదిలేస్తే వస్తుంది |
| పాపిలోమా | మెత్తటి అంగిలి, నాలుక. పిలకలు పిలకలుగా, తెల్లగా | వద్దు | మొదలుతో సహా కోత లేదా లేజర్ | అరుదు |
| కొవ్వు గడ్డ | బుగ్గ. పసుపు, మెత్తన | ఆగొచ్చు | కోత | అరుదు |
| రక్తనాళాల గడ్డ | నొక్కితే తెల్లబడుతుంది | పసిపిల్లల్లో తరచూ | స్కాన్, ఇంజెక్షన్, మందులు, లేజర్ | రకాన్ని బట్టి |

చిగురు మీద వచ్చే మూడు గడ్డలు (పట్టికలో రెండు, మూడు, నాలుగు) కంటికి ఒకేలా ఉంటాయి. ఎంత అనుభవం ఉన్న డాక్టరైనా వాటిని చూపుతో ఖాయంగా వేరు చేయలేరు. పైగా శరీరంలో వేరేచోట ఉన్న క్యాన్సర్ అరుదుగా చిగురుకు పాకినప్పుడు అచ్చం పయోజెనిక్ గ్రాన్యులోమాలాగే కనిపిస్తుంది. అందుకే చిగురు గడ్డను "చూస్తే తెలిసిపోతోంది, పరీక్ష అక్కర్లేదు" అనే మాట ఒప్పుకోవద్దు.

పైన చెప్పినవన్నీ ఒకచోట వచ్చే గడ్డలు. చిగుళ్ళన్నీ ఒకేసారి వాచి పళ్ళను కప్పేస్తుంటే కథ వేరు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, బీపీకి వాడే అమ్లోడిపిన్, కిడ్నీ మార్పిడి తర్వాత ఇచ్చే సైక్లోస్పోరిన్ ఇలా చేస్తాయి. మన దగ్గర అమ్లోడిపిన్ వాడేవాళ్ళు లక్షల్లో ఉంటారు కాబట్టి డెంటిస్టు దగ్గరికి వెళ్ళేటప్పుడు మందుల చీటీ తీసుకెళ్ళండి. మందు మాత్రం సొంతంగా ఆపొద్దు. రాసిన డాక్టర్‌తో మాట్లాడి మార్పించుకోవాలి, పళ్ళు శుభ్రం చేయించాలి. ఆ రెండిటితో కొన్ని నెలల్లో తగ్గినంత తగ్గాకే మిగిలింది కోయించాలా అన్నది ఆలోచించాలి.

ఆగి చూడటం

ఇది కూడా ఒక వైద్యమే, పద్ధతిగా చేస్తే. మొదటి రోజు గడ్డ పక్కన చిన్న స్కేలు పెట్టి వెలుతురులో ఫొటో తీయండి. కారణమైన పన్నును నున్నగా చేయించండి, పళ్ళ సెట్టును రాత్రే కాదు, పగలు కూడా వీలైనంత సేపు తీసి ఉంచండి. పద్నాలుగో రోజు అదే వెలుతురులో మళ్ళీ ఫొటో. తగ్గుముఖం పడితే ఇంకో రెండు వారాలు ఆగొచ్చు. అలాగే ఉన్నా, పెరిగినా ముక్క పరీక్షకు వెళ్ళాలి.

పళ్ళ సెట్టు అంచు వెంట మడతలు మడతలుగా పెరిగిన కండ దీనికి మంచి ఉదాహరణ. వాపు మాత్రమే ఉన్న కొత్త మడతలు సెట్టు తీసేస్తే చాలావరకు తగ్గుతాయి. ఏళ్ళ తరబడి గట్టిపడినవి తగ్గవు, కోయాల్సిందే. కోశాక పాత సెట్టే పెట్టుకుంటే మడత అదే చోట తిరిగి వస్తుంది. కొత్త సెట్టు ఖర్చు కూడా ఆపరేషన్ ఖర్చులో భాగమే అనుకుని లెక్క వేసుకోండి.

కొంచెం ముక్క తీసి పరీక్షా, మొత్తం తీసి పరీక్షా

సెంటీమీటరు లోపు ఉండి, ప్రమాదం లేనిదిగా కనిపిస్తే ఒకేసారి మొత్తం తీసి పంపడం మేలు, రెండుసార్లు మత్తు ఇంజెక్షన్ తప్పుతుంది. పెద్దదైనా, క్యాన్సర్ అనుమానం ఉన్నా ముందు చిన్న ముక్క మాత్రమే తీయాలి. అనుమానం ఉన్న గడ్డను సగం తెలిసీ తెలియకుండా మొత్తం తీసేస్తే, తర్వాత వచ్చే క్యాన్సర్ సర్జన్‌కు అది ఎక్కడ మొదలైంది, ఎంత లోతుకు వెళ్ళింది, చుట్టూ ఎంత మేర కోయాలి అన్నది అందదు. అందుకే అనుమానం బలంగా ఉంటే తర్వాతి వైద్యం చేసే ఆసుపత్రిలోనే ముక్క తీయించడం మంచిది.

ముక్క ఎక్కడి నుంచి తీశారన్నది ముఖ్యం. పుండు నడిమధ్యలో చచ్చిన కండే దొరుకుతుంది, దాంతో "నిర్ధారించలేం" అని రిపోర్టు వస్తుంది. కొంత గడ్డ, కొంత పక్కనున్న మంచి పొర కలిసి వచ్చేలా అంచు నుంచి, తగినంత లోతుగా తీయాలి. తీసిన ముక్క 10% ఫార్మలిన్‌లో, తన పరిమాణానికి పది నుంచి ఇరవై రెట్ల ద్రవంలో మునగాలి. సెలైన్‌లోనో, స్పిరిట్‌లోనో, నీళ్ళలోనో పెట్టిన ముక్క, దాన్ని సూక్ష్మదర్శినిలో చదివే పాథాలజిస్టు చేతికి వెళ్ళేసరికి చెడిపోతుంది. కొవ్వు గడ్డ అయితే ఫార్మలిన్ సీసాలో మునగకుండా పైన తేలుతుంది. రిపోర్టు రాకముందే సర్జన్‌కు అది ఏమిటో చెప్పే గుర్తుల్లో ఇదొకటి.

ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయం మన ఊళ్ళలో ఇంకా బలంగా ఉంది. అది నిజం కాదు. పాకడానికి సమయం ఇచ్చేది ముక్క పరీక్ష కాదు, ఆ భయంతో వాయిదా వేసిన నెలలు.

కత్తి, లేజర్, కాటరీ, మిగతావి

| | కత్తి | డయోడ్ లేదా కార్బన్ డయాక్సైడ్ లేజర్ | ఎలక్ట్రో కాటరీ (కరెంటు వేడితో కోత) | చలితో గడ్డకట్టించడం, ఇంజెక్షన్లు |
|---|---|---|---|---|
| పరీక్షకు ముక్క | శుభ్రంగా | అంచులు కొంత కాలుతాయి | అంచులు ఎక్కువ కాలుతాయి | దొరకదు |
| రక్తం | వస్తుంది, కుట్లతో ఆగుతుంది | చాలా తక్కువ | తక్కువ | దాదాపు లేదు |
| కుట్లు | ఉంటాయి | చాలావరకు అక్కర్లేదు | తరచూ అక్కర్లేదు | లేవు |
| మానడం | 7 నుంచి 10 రోజులు | 2 నుంచి 3 వారాలు | 2 నుంచి 3 వారాలు | ఒకటి కన్నా ఎక్కువసార్లు చేయాలి |
| ఎవరికి సరి | అనుమానం ఉన్నవి, సెంటీమీటరు లోపువి, చాలావరకు అన్నీ | ప్రమాదం లేదని తేలినవి, రక్తం ఆగనివారు | చిగురు, చిన్న పిలకలు | రక్తనాళాల గడ్డలు, కొన్ని మ్యూకోసీల్స్ |

లేజర్ ప్రకటనల్లో "నొప్పి లేదు, రక్తం లేదు, కుట్లు లేవు" అని రాస్తారు. చివరి రెండూ చాలావరకు నిజమే. నొప్పి మాటకొస్తే, మత్తు ఇంజెక్షన్ లేజర్‌కూ చాలావరకు అవసరమే. మొదటి రెండు రోజులు కాస్త తక్కువ మండినా, కుట్లు వేయని గాయం కాబట్టి మానడానికి ఎక్కువ రోజులు పడుతుంది. ఆ రోజుల్లో గాయం మీద తెల్లగా, పసుపుగా పొర కడుతుంది. అది చీము కాదు, గీకి తీయకూడదు.

లేజర్‌తో అసలు చిక్కు అంచుల దగ్గర. కాలిన అంచులో కణాలు ఆనవాలు లేకుండా పోతాయి. పెద్ద ఫైబ్రోమాలో అర మిల్లీమీటరు కాలితే నష్టం లేదు. మూడు మిల్లీమీటర్ల తెల్ల మచ్చలో అదే కాలితే పాథాలజిస్టుకు చదవడానికేమీ మిగలదు. అందుకే మచ్చలు, పుండ్లు, సెంటీమీటరు కన్నా చిన్న గడ్డలు, అనుమానం ఉన్నవి కత్తితోనే తీయించండి. ఇక "లేజర్‌తో ఆవిరి చేసేస్తాం" అని ఎవరైనా అంటే, అంతకుముందు ముక్క పరీక్ష జరిగిందో లేదో అడగండి. జరగకపోతే ఒప్పుకోకండి. ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించే పద్ధతికీ ఇదే షరతు.

మ్యూకోసీల్ విషయంలో పరికరం కన్నా పనితనం ముఖ్యం. పెదవిని రెండు వేళ్ళతో పట్టి బిగించి, పలచటి పొరను కోసి, బుడగను పగలకుండా విడదీసి తీస్తారు. అప్పుడు గుంటలో సగ్గుబియ్యం గింజల్లాంటి చిన్న లాలాజల గ్రంథులు బయటపడతాయి. పక్కనున్న ఆ గ్రంథుల్ని కూడా తీసేశాకే కుట్లు వేయాలి. వాటిని వదిలి పైన బుడగ ఒక్కటే కోస్తే, అది కత్తి అయినా లేజర్ అయినా, కొన్ని వారాల్లో మళ్ళీ నిండుతుంది. సూదితో పొడిచి నీరు తీయడమూ అంతే. నాలుక కింద వచ్చే పెద్ద నీటి బుడగ, రాన్యులా, ఇంకాస్త మొండిది. పైన తెరిచి అంచులు కుట్టేస్తే మళ్ళీ రావడం మామూలు. నమ్మకమైన వైద్యం నాలుక కింది లాలాజల గ్రంథిని తీయడమే, అది ఓరల్ సర్జన్ లేదా ఈఎన్‌టీ సర్జన్ చేయాల్సిన పని.

మీ పరిస్థితిని బట్టి

*గర్భిణులకు.* నాలుగో నెల దాటాక చిగురు మీద ఎర్రటి గడ్డ రావడం మామూలే. హార్మోన్లు, పళ్ళ గార రెండూ కలిసి తెచ్చేది ఇది. రక్తం కారి భయపెడుతుంది కానీ, కాన్పు తర్వాత చాలావరకు కుంచించుకుపోతుంది. ఇప్పుడే కోయిస్తే గర్భం ఉండగానే మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి నాలుగు నుంచి ఆరో నెల మధ్యలో పళ్ళు శుభ్రం చేయించుకుని, మెత్తటి బ్రష్ వాడుతూ ఆగడమే మంచి ఎంపిక. తినడానికి అడ్డమైనా, రక్తం ఆగకపోయినా మాత్రం గర్భంలోనే తీయించొచ్చు, లిగ్నోకెయిన్ మత్తు ఇంజెక్షన్ అప్పుడు కూడా వాడతారు. కాన్పయ్యాక రెండు, మూడు నెలలకు మిగిలిన ముక్క ఉంటే తీయించి పరీక్షకు పంపాలి. బాలింత కదా అని ఏడాది దాకా వదిలేయొద్దు.

*పిల్లలకు.* పెదవి బుడగ కొరుక్కోవడం వల్ల వస్తుంది, కొన్ని తమంతట పగిలి మానతాయి కూడా. నెల రోజులు చూడొచ్చు. కత్తికి సహకరించని పిల్లల్లో బుడగ గుండా పట్టు దారం గుచ్చి వారం, పది రోజులు ఉంచే పద్ధతి ఉంది. కొన్నిసార్లు పనిచేస్తుంది, కొన్నిసార్లు మళ్ళీ నిండుతుంది, కానీ జనరల్ అనస్థీషియా తప్పుతుంది కాబట్టి ముందు ప్రయత్నించడంలో తప్పు లేదు. పుట్టిన కొన్ని వారాలకు కనిపించి మొదటి ఏడాది వేగంగా పెరిగే ఎర్ర గడ్డ హీమాంజియోమా అయితే, అది తర్వాత ఏళ్ళ తరబడి మెల్లగా తగ్గుతుంది. తినడానికి, ఊపిరికి అడ్డమైతే ప్రొప్రనలాల్ మందు ఇస్తారు, 2008లో దీని గుణం బయటపడ్డాక ఆపరేషన్ల అవసరం బాగా తగ్గింది. గుండె చప్పుడు, రక్తంలో చక్కెర చూస్తూ పిల్లల డాక్టరే ఇవ్వాలి. పుట్టుకతోనే ఉండి బిడ్డతో పాటు పెరిగే నీలం గడ్డ మాత్రం వేరు జాతి, తగ్గదు. దానికి ఎంఆర్‌ఐ చేసి, రక్తనాళాన్ని మూసే ఇంజెక్షన్ ఇస్తారు.

*ఆస్పిరిన్, వార్ఫరిన్ వాడేవారికి.* సొంతంగా మందు ఆపి కుర్చీలో కూర్చోవద్దు, గడ్డ కన్నా గుండెపోటు, పక్షవాతం పెద్ద ప్రమాదం. వార్ఫరిన్ వాళ్ళు ముందు రోజు ఐఎన్‌ఆర్, అంటే రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసే పరీక్ష, చేయించుకోవాలి. 3.5 లోపు ఉంటే చిన్న గడ్డల్ని కుట్లు, అదిమిపట్టడం వంటి జాగ్రత్తలతో తీస్తారు. లేజర్ నిజంగా తన ఖరీదుకు తగిన లాభమిచ్చేది ఇలాంటివాళ్ళకే. షుగర్ ఉన్నవాళ్ళు తిని, మందు వేసుకుని పొద్దున పూట వెళ్ళడం మంచిది.

*పొగాకు, వక్క అలవాటున్నవారికి.* గుట్కా, ఖైనీ, జర్దా, చుట్ట, బీడీ, పాన్ వీటిలో ఏది ఉన్నా మీ నోట్లో వచ్చిన దేనికీ ఆగి చూడటం వర్తించదు. ముద్ద పెట్టుకునే చోటే, అంటే బుగ్గ, చిగురు మధ్య సందులోనే, ఎక్కువగా జబ్బు మొదలవుతుంది. ఉత్తరాంధ్రలో, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖ వైపు, నిప్పు ఉన్న చివరను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ఆడవాళ్ళలో ఉంది. దాని వేడి, పొగ తగిలేది అంగిలికి. అందుకే మిగతాచోట్ల అరుదుగా వచ్చే గట్టి అంగిలి క్యాన్సర్ అక్కడ ఎక్కువగా కనిపించింది. మీ అమ్మకో, నాయనమ్మకో ఈ అలవాటుంటే నెలకోసారి టార్చి వేసి అంగిలి చూడండి. తెల్లబడి ఎర్రటి చుక్కలున్న అంగిలి పొగ ప్రభావం. అందులో ఒకచోట ఎర్రగా ఒరిసినట్టున్నా, పైకి లేచినా ఆగకుండా తీసుకెళ్ళండి. వయసైపోయింది, ఇప్పుడెందుకు అనుకోవద్దు. చిన్నగా ఉన్నప్పుడు తీస్తే ఆవిడ తినగలుగుతుంది, మాట్లాడగలుగుతుంది.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి

చిగురు గడ్డలకు చిగుళ్ళ స్పెషలిస్టు, అంటే పీరియోడాంటిస్టు, సరిపోతారు. పెదవి, బుగ్గ, నాలుక ముందు భాగం ఓరల్ సర్జన్ పని. నాలుక వెనక భాగం, గొంతు, టాన్సిల్స్ ఈఎన్‌టీ. అనుమానం ఉంటే తల, మెడ క్యాన్సర్ సర్జన్. ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో ఓరల్ సర్జరీ, ఓరల్ పాథాలజీ రెండు విభాగాలూ ఉంటాయి కాబట్టి, తక్కువ ఖర్చులో ముక్క తీయడం, చదవడం ఒకే చోట జరుగుతాయి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో అలాంటివి ఉన్నాయి. క్యాన్సర్ అని తేలితే హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ఆసుపత్రి, విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ వైద్యం ఉంది, కార్డు ముందే వెంట ఉంచుకోండి.

క్లినిక్‌లో ఒప్పుకునే ముందు నాలుగు అడగండి. ముక్క పరీక్షకు పంపుతారా, ఆ ఫీజు చెప్పిన రేటులో కలిసిందా? ఓరల్ పాథాలజిస్టు చదువుతారా? చిగురు గడ్డ అయితే గార కూడా తీస్తారా? మళ్ళీ వస్తే ఏం చేస్తారు? ఈ నాలుగో ప్రశ్నకు "రానే రాదు" అని జవాబొస్తే ఇంకొకరిని అడగడం మంచిది.

తీసే రోజు, ఆ తర్వాత

చిన్న గడ్డకు కుర్చీలో అరగంట చాలు. ఇంజెక్షన్ గడ్డలోకి కాకుండా కాస్త పక్కన ఇస్తారు, మందుతో గడ్డ ఉబ్బితే ముక్క ఆకారం చెడుతుంది. కోత కన్ను ఆకారంలో ఉంటుంది, పొడవు వెడల్పుకు మూడింతలు, అలా అయితేనే కుట్లు ముడత పడకుండా కలుస్తాయి.

దూదిగుడ్డను ఇరవై నుంచి ముప్పై నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి, మధ్యలో తీసి చూడొద్దు. ఆ రోజు ఉమ్మడం, పుక్కిలించడం, స్ట్రాతో తాగడం వద్దు. తిమ్మిరి రెండు, మూడు గంటలుంటుంది. ఆ లోపు పిల్లలు పెదవి నమిలి కొత్త పుండు తెచ్చుకుంటారు, కనిపెట్టి ఉండాలి. చల్లటి పెరుగన్నం, చల్లారిన జావ తినొచ్చు. మరుసటి రోజు నుంచి గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి తిన్న ప్రతిసారీ పుక్కిలించాలి. నొప్పికి పారాసిటమాల్ చాలు. విడిగా ఆస్పిరిన్ వేసుకోవద్దు. కరగని కుట్లయితే ఐదు నుంచి ఏడు రోజులకు తీస్తారు. అదిమిపట్టినా ఆగని రక్తం, మూడో రోజు తర్వాత పెరిగే వాపు, జ్వరం ఉంటే అదే రోజు వెళ్ళాలి. కింది పెదవి ఆపరేషన్ తర్వాత చిన్న మేర తిమ్మిరి కొన్ని వారాలుండొచ్చు, చాలావరకు అదే తగ్గుతుంది.

రిపోర్టు చాలావరకు వారంలో వస్తుంది. అందులో చూడాల్సినవి రెండే. ఒకటి, జబ్బు పేరు డాక్టర్ ముందు చెప్పినదానితో కలుస్తోందా? కలవకపోతే, కంటికి గట్టి అనుమానం ఉన్నా రిపోర్టు మామూలుగా వస్తే, ఇంకోసారి ముక్క తీయించాలి. మొదటిది లోతుగా తీయలేదేమో, పుండు మధ్య నుంచి తీశారేమో. రెండు, డిస్‌ప్లేజియా అనే మాట ఉందా? అది క్యాన్సర్ కాదు, కణాలు దారి తప్పడం మొదలుపెట్టాయని అర్థం. తక్కువ స్థాయిదైతే అలవాటు మానేసి ప్రతి మూడు, ఆరు నెలలకు చూపించుకుంటూ ఉండాలి. మధ్యస్థమైనా, తీవ్రమైనా మొత్తం తీయించడమే మేలు. మానేసిన అలవాటు మళ్ళీ మొదలుపెట్టొద్దు.

మీ ముక్కను పొదిగిన మైనపు దిమ్మె, దాని గాజు స్లైడ్లు ల్యాబులోనే ఉంటాయి. రెండో అభిప్రాయం కావాలంటే మళ్ళీ కోయించుకోనక్కర్లేదు, వాటిని అడిగి తీసుకెళ్ళి వేరే పాథాలజిస్టుతో చదివించుకోవచ్చు. రిపోర్టు నంబరు ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకుంటే రెండేళ్ళ తర్వాత అదే చోట గడ్డ వచ్చినా పాత స్లైడుతో పోల్చి చూడటం కుదురుతుంది.